తెర మీద నెలవంకల జాడ

కంప్యూటర్ మీట నొక్కే ముందు పార్వతి కళ్లు మూసుకుంటుంది. మానిటర్ మీద కప్పి ఉంచిన పాత నూలుచీర ముక్కను తీసి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుంటుంది. మీట నొక్కుతుంది. లోపల పంకా తిరగడం మొదలవుతుంది, డిస్కులో ఏదో గీరుకుంటున్నట్టు చప్పుడవుతుంది. బయట కాశీబుగ్గ రోడ్డు మీద కండక్టరు మందస పేరును పాటలా సాగదీస్తుంటాడు. ఆ గీరుడు ఆగాక గానీ ఆమె కళ్లు తెరవదు.

మొదటిసారి చూసినప్పుడు దండం పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఎం.ఏ. చివరి ఏడాది వ్యాసం టైపు చేయించుకోవడానికి టెక్కలి నుంచి వెళ్లి ఆమె టైపు గదిలో బల్ల మీద కూర్చునేదాన్ని. ఇద్దరివీ తక్కువ మాటలే. ఆ తక్కువ మాటల్లోనే, కొన్ని మధ్యాహ్నాల మీదుగా, ఈ సంగతంతా తెలిసింది.

పార్వతిది మందస నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక ఊరు. ఇంటి వెనక జీడితోట, దాని వెనక కొబ్బరి, ఆ వెనక కనపడకుండా వినపడే సముద్రం. తల్లి సన్యాసమ్మ పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే పనికి వెళుతుంది. తల్లీకూతుళ్లు పొద్దున్నే ఒకే బస్సు దిగి చెరో వైపు నడుస్తారు. పార్వతికి చిన్నప్పటి నుంచి గీయడమంటే ప్రాణం. బొగ్గుతో గోడ మీద గీసింది, ఈతపుల్లతో ఇసుకలో గీసింది. ఇంటర్ తరవాత టెక్కలిలో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చే పని, నేర్చుకుని, పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మేనమామ ఢిల్లీరావు గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. కానీ అక్కడ ఆమెను గీయమని అడిగినవారు లేరు. పెళ్లికార్డులు, అర్జీలు, బడి ప్రశ్నపత్రాలు. అన్నీ ఇంకొకరి అక్షరాలే.

రెండువేల ఏడులో, జీడిపూత వాసన బస్సులోపలికి కూడా వచ్చే రోజుల్లో, బంగారయ్య అనే జీడిపప్పు వ్యాపారి ఆ గది మెట్లెక్కాడు.

"అందరి డబ్బాల మీదా ఒకటే లచ్చిందేవి పాపా. ఏ డబ్బా ఎవుడిదో ఆయమ్మకే తెలీదు," అన్నాడు. "నీకు గీత ఒచ్చునంట గదా. మా డబ్బాకి ఒక బొమ్మ గియ్యి. కొత్తపప్పు డబ్బాకెక్కే లోపల కావాల. లేదంటే మామూలుగా ఇశాపట్నంలోనే ఏయించెత్తాను."

అప్పటికే ఢిల్లీరావు వేసవికి ఆ గదిలో కూల్‌డ్రింకుల షాపు పెట్టే ఆలోచనలో ఉన్నాడు. ఈ బొమ్మ కుదిరి లేబుళ్ల పని నిలబడితే గది పార్వతికే ఉంచుతానన్నాడు. కుదరకపోతే ఏమిటన్నది సన్యాసమ్మ బస్సులో కూతురి భుజం మీద చెయ్యేసి చెప్పింది.

"పోతే పోనాది. నా పక్కన పీట కాళీగానే ఉన్నాది."

ప్రేమగానే అంది. అందుకే పార్వతికి మరింత భయమేసింది.

కంప్యూటర్ పాతది. బావ సురేష్ విశాఖపట్నంలో ఎవరిదగ్గరో కొని తెచ్చాడు. ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవుల వెంట వచ్చే వైరస్‌లతో అది నెలకోసారి మంచం పట్టేది. విండోస్ వద్దు, లినక్స్ వేసుకోమని సురేషే రెండు సీడీలు ఇచ్చాడు. ఒకదాని మీద 'స్టేబుల్', రెండోదాని మీద 'టెస్టింగ్' అని పెన్నుతో రాసి ఉంది.

"ఏది ఎయ్యాల బావా?"

"పేర్లు రాసినాను గదే. సదివితే నీకే తెలుస్తాది," అంటూ అతను కదులుతున్న బస్సెక్కేశాడు.

పార్వతి చదివింది. నిఘంటువు కూడా తిరగేసింది. అది ఆమె బడినాటి చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. 'స్టేబుల్' పక్కన మొదటి అర్థం గుర్రపుశాల అని ఉంది. ఆ కింద ఇంకేదో ఉండేదిగానీ ఆ మూల చెదలు తినేసింది. గుర్రపుశాలతో తనకేం పని? 'టెస్టింగ్' మాటకు ఆమెకు నిఘంటువు అక్కర్లేదు. తల్లి రోజూ ఇంటికి తెచ్చే మాట అది. సన్యాసమ్మ పనిచేసే కార్ఖానాలో టెస్టింగ్ బల్ల అంటే చివరి బల్ల. అక్కడ పుచ్చులు, ముక్కలు ఏరేశాక మిగిలిన మేలిపప్పు పోసేది టెస్టింగ్ డబ్బా. ఇక దానికి మూత వెయ్యడమే. ఇంతకంటే నమ్మకమైన మాట పలాసలో ఇంకొకటి లేదు.

ఆమె టెస్టింగ్ సీడీ వేసింది.

తెర తెరుచుకున్నప్పుడు గదిలోకి ఏదో వచ్చినట్టయిందట. తెర మీద ప్రోగ్రాంలు తెరుచుకునే కిటికీలు గాజులా పారదర్శకంగా ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని జరిపితే తడిబట్ట దులిపినట్టు అలలుగా కదిలింది. మూసేస్తే మంచులా కరిగింది. పెళ్లికార్డులు పక్కన పెట్టి ఆమె చాలాసేపు ఒక కిటికీని అటూ ఇటూ జరుపుతూనే కూర్చుంది.

తరవాత డబ్బా బొమ్మ మొదలుపెట్టింది. కింద నీలం సముద్రం, పైన నెలవంక. ఆ నెలవంక జీడిపప్పే. ఇంటి అరుగు మీద పడుకుని చూసిన ప్రతి నెలవంకా ఆమెకు అలాగే కనిపించేది మరి. దాన్ని ఆకాశంలో కొంచెం పక్కకు జరపబోయింది. అది జరిగింది గానీ ఉన్నచోటును వదల్లేదు. వెనక ఒక నెలవంక, దాని వెనక ఇంకొకటి. మౌస్ ఎటు పోతే అటు వరసగా నెలవంకలు, మెల్లగా పలచబడుతూ, సముద్రం దాకా. గదిలో ఉన్నానా, అరుగు మీద ఉన్నానా అనిపించిందట. ఊపిరి బిగపట్టి చూస్తుండగానే తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, మీటలు పలకవు. ఆపి, మళ్లీ వేస్తే బొమ్మ లేదు.

మళ్లీ గీసింది. మళ్లీ జాడలు, మళ్లీ బిగుసుకుపోవడం. ఒకసారి తెర గడ్డకట్టక ముందే ప్రింటు తీసింది. కాగితం మీద ఒకే ఒక్క నెలవంక ఉంది. మిగతావన్నీ తెర చూసిన కలే. వాటిని ఆమె గీయలేదు కాబట్టి అవి ఎక్కడా లేవు.

కళ్లు మూసుకుని మీట నొక్కడం అప్పుడే అలవాటైంది. బొమ్మ లేని తెర చూడలేక.

తోటల్లో జీడిపళ్లు పండి ఎర్రబడ్డాయి. బంగారయ్య దారినపోతూ తొంగిచూసి, "సెందమామ ఒచ్చినాడేటి పాపా?" అని అడగడం మొదలైంది. కూల్‌డ్రింకుల పెట్టె ఒకటి వచ్చి గది మూల కూర్చుంది.

ఆ ఆదివారం సురేష్ వచ్చాడు. కార్ఖానాకు సెలవు కావడంతో సన్యాసమ్మ కూడా అక్కడే ఉంది.

"నాను నీకు రెండు సీడీలిత్తే టెస్టింగే ఎందుకేసినావే?"

"టెస్టింగ్ అయిపోనాదే గదా మంచిది?"

"అయిపోనాది కాదే గుంటా. అవుతన్నాది. ఇంకా పరీచ్చ రాత్తన్నాదని. పాసైనది స్టేబులు."

"అది గుర్రాలశాలని రాసున్నాది."

సురేష్ ముందు అర్థం కాక చూశాడు. తరవాత బల్ల పట్టుకుని నవ్వాడు. "గుర్రాలశాలే. నీలాటి గుర్రాన్ని కట్టెయ్యడానికే."

"నవ్వకు బావా. బొమ్మలన్నీ పోనాయి."

అతను నవ్వు ఆపాడు. కంప్యూటర్ పెట్టె విప్పి గ్రాఫిక్స్ కార్డు చూపించాడు. తెర మీద బొమ్మ వేసేది ఇదేనని, దీనిచేత పని చేయించే ప్రోగ్రాంని డ్రైవరంటారని, కొత్త సీడీలో ఉన్న డ్రైవరుకూ ఈ పాత కార్డుకూ పడటం లేదని చెప్పాడు.

"డ్రైవరు సరిగ్గా లేకపోతే బస్సుకేటి సేత్తారు? ఆడ్ని దించెయ్యండి," అంది సన్యాసమ్మ.

"దించెయ్యొచ్చత్తా. ఇంకో డ్రైవరున్నాడు, ముసిలోడు. మెల్లగా తోల్తాడు గానీ దారిలో వొగ్గెయ్యడు. స్టేబుల్లో ఆడ్ని కూకోబెట్టి, ఎలకనేస్తే సాలు."

ఎలకంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్, తెర మీది అమరిక. దాని గుర్తు ఎలుక బొమ్మ. అలలుండవు, గాజుండదు. బూడిదరంగు పట్టీ, నాలుగు బొమ్మలు, అంతే.

"మరి ఆ జాడలు?" అంది పార్వతి.

"ఏ జాడలు?"

ఆమె టెస్టింగ్ తెర మీదే నెలవంకను జరిపి చూపించింది. సురేష్ ముఖం చిట్లించాడు. "అది జబ్బే, పిల్లా. అదే మానాల."

పార్వతి ఆ వరసను చూస్తూ ఉండిపోయింది. తెర బిగుసుకుపోయింది. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని, "ఎలకనే ఎయ్యి బావా," అంది.

ఎలక వచ్చాక తెర చప్పగా ఉందట, ముగ్గు వెయ్యని వాకిలిలా. నెలవంకను జరిపితే జరిగింది, వెనక ఏమీ మిగల్లేదు. ఆ మధ్యాహ్నమంతా ఆమె ఏమీ గీయలేదు. మర్నాడు కూర్చుని, గుర్తున్న జాడను గుర్తున్నట్టే వెయ్యడం మొదలుపెట్టింది. ఒక నెలవంకకు నకలు తీసి, కొంచెం పక్కకు, కొంచెం పలచగా. దానికి మళ్లీ నకలు, ఇంకాస్త పలచగా. ముసలి డ్రైవరు ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూపించేవాడు. అలల దగ్గరికి వచ్చేసరికి పప్పులు నీళ్లలో వెలుగైపోవాలి. అది కుదరడానికి చాలాసార్లు చెరిపి వేసింది. ఎన్నిసార్లు చెరిపినా తెర మాత్రం ఆగలేదు. ఈసారి ప్రింటు తీస్తే అన్నీ కాగితం మీదికి వచ్చాయి.

బంగారయ్య ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా చూశాడు.

"ఇది సెందమామా, జీడిపప్పా?"

"మీకేటనిపిత్తే అదేనండి."

"నాకనిపిత్తే కాదు పాపా. పప్పు తెలిసినోళ్లు సెప్పాల," అని దాన్ని మడవకుండా పట్టుకుని తన కార్ఖానాకు వెళ్లాడు.

సన్యాసమ్మ పనిచేసేది ఆయన కార్ఖానాలో కాదు. ఆయన దగ్గర పనిచేసే ఆడవాళ్లకు పార్వతి ఎవరో తెలియదు. కాగితం పప్పు ఏరే బల్ల మీదుగా చేతులు మారిందట. ఒకామె వేలితో ఆ వరస వెంట పైనుంచి నీళ్లదాకా వచ్చి, "అన్నీ గుండ్లేనమ్మా. ఒక్క బద్దా నేదు," అందట. గుండంటే విరగని నిండు పప్పు, బద్దంటే చీలింది. ఆ బల్ల దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. బంగారయ్య తిరిగొచ్చి ఆ మాటే పార్వతికి చెప్పి, అచ్చుకు ఇమ్మన్నాడు.

నా వ్యాసం పూర్తయ్యాక కూడా కాశీబుగ్గ వెళ్లినప్పుడల్లా ఆ బల్ల మీద కాసేపు కూర్చుంటాను. గోడ మీద ఆ మొదటి లేబులు అంటించి ఉంది. ఎండకు నీలం కాస్త వెలిసింది. సముద్రం ఇప్పుడు తెల్లవారుజాము సముద్రంలా కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్ తెస్తానని సురేష్ అంటూనే ఉంటాడు. ఆమె నవ్వి పని చూసుకుంటుంది.

పార్వతి ఇప్పుడు అదే గదిలో, అదే యంత్రం మీద జీడిపప్పు డబ్బాలకు లేబుళ్లు గీస్తోంది. కార్ఖానాలో సన్యాసమ్మ పక్కన పీట మీద జలంత్రకోట నుంచి వచ్చే ఒకామె కూర్చుంటోంది.