మిసెస్ కార్వర్ నన్ను రైతును చేసిన రోజు

కిందటి వారం దక్షిణ వర్జీనియాలో పొగాకు ఆరబెట్టే కొట్టం పక్కనుంచి కార్‌లో వెళ్తుంటే, ఆరిన ఆకు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. తేనెలాంటి తీపి, వెనకే కొంచెం ఘాటు. వెంటనే మిసెస్ కార్వర్ గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో, వర్జీనియాలోనే ఉన్న హెర్న్‌డన్‌ ఊళ్లో మాకు ఏడో తరగతి చరిత్ర చెప్పిన టీచరు ఆవిడ. ఒకరోజు అలాంటి ఆకుల కట్ట తెచ్చి తలా ఒకటి చేతిలో పెట్టారు. "ఇంగ్లండ్ నుంచి వచ్చి ఈ తీరంలో స్థిరపడ్డవాళ్లు కొండలు దాటి పశ్చిమానికి ఎందుకు పోవాలనుకున్నారో, అందులో సగం కారణం ఈ ఆకే," అన్నారు.

మర్నాడు ఆ కథను మేం క్లాసులో నాటకంగా ఆడాలి. పాత్రలు పంచుతుంటే డానీ అనే అబ్బాయి, "వసుధ ఎలాగూ ఇండియనే కదా, ఆ వేషం తనకిచ్చేయండి," అన్నాడు. అక్కడి ఆదివాసులనూ, ఇండియా నుంచి వచ్చిన మమ్మల్నీ ఒకే మాటతో పిలిచే రోజులవి. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. మిసెస్ కార్వర్ అతన్ని కోప్పడలేదు. "వసుధ వలస రైతు. ఆదివాసుల పెద్దవు నువ్వే డానీ," అన్నారు, హాజరు పిలిచినంత మామూలుగా.

ఇంటికెళ్లి, రేపు స్కూల్‌కి వెళ్లనని నాన్నతో చెప్పాను.

"ముందు ఆ రైతుకి వచ్చిన ప్రాబ్లమ్ ఏంటో చూద్దాం రా. వెళ్లాలో వద్దో తర్వాత డిసైడ్ చేద్దువుగాని," అన్నారాయన. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం పాఠమంతా చదివాం.

మర్నాడు స్కూల్‌కి వెళ్లాను. నా వంతు రాగానే లేచి నిలబడ్డాను. "నాకు ఐదుగురు కొడుకులు. ఏటా పొగాకే వేసి నా నేల సారం పోయింది. తీరంలో మంచి భూములన్నీ పెద్ద దొరల చేతుల్లో ఉన్నాయి. కొండల అవతల నల్లనేల చవగ్గా దొరుకుతుందట. కొండలు దాటొద్దని ఇంగ్లండ్ రాజుగారు ఆజ్ఞ వేసినా నేను వెళ్లాల్సిందే," అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అక్కడ ఇప్పుడు ఎవరున్నారో కనుక్కున్నావా?" అని అడిగారు మిసెస్ కార్వర్.

డానీ లేచి, చేతిలోని కాగితం చూడకుండానే, "మేమున్నాం. మీ కొడుకులు వస్తే మా పిల్లలు ఎక్కడికి పోవాలి?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బెల్ కొట్టాక ఆవిడ నన్ను ఆపారు. "నీ రైతు మీద నాకు జాలి కలిగింది. మా పూర్వీకులూ అలాగే వెళ్లారు. అయితే జాలి కలిగినంత మాత్రాన వాళ్లు చేసింది న్యాయమైపోదు. రెండూ గుర్తుపెట్టుకో," అన్నారు.

డానీని సిగ్గుపరచకుండానే నన్ను నిలబెట్టారావిడ. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ప్రస్తుతం నేను మా కౌంటీలో ఎక్కడ ఏం కట్టొచ్చో చూసే ప్లానింగ్ ఆఫీస్‌లో పనిచేస్తున్నాను. కొత్త ఇళ్లకు స్థలం కావాలని ఎవరైనా వచ్చి మ్యాపు పరిస్తే, వాళ్ల అవసరమేమిటో చివరిదాకా వింటాను. ఆ తర్వాత ఆ స్థలానికి వెళ్లి, అక్కడ ఉంటున్నవాళ్ల తలుపు తడతాను.