మొదలూ చివరా లేని బంతి

పాలమూరు పట్నంలో ఆడపిల్లల హాస్టల్‌కు నన్ను వార్డెన్‌గా వేసేనాటికి నాకు పెళ్లి కాలేదు, పదిమందికి వండడం రాదు, ఇంకొకరి పిల్లల్ని అదుపులో పెట్టడం అసలే రాదు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అవి అరవైల మొదటి ఏళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో ఐదో తరగతి దాటిన ఆడపిల్ల కనబడితే జనం ఆగి చూసేవాళ్లు. అలాంటి పిల్లలు పెద్దబడి చదవాలంటే పట్నంలో ఉండాలి. ఉండడానికి సర్కారు వాళ్లు ఒక రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు.

హోళీ వెళ్లిందంటే ఆ ఇల్లు పొయ్యి మీది పెనమే. మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన పిల్లలు లోపలికి రాకుండా గోడ నీడన వరసగా నిలబడేవాళ్లు. నీడ జరిగినకొద్దీ వాళ్లూ జరిగేవాళ్లు. తడి దుప్పట్లు కిటికీలకు కట్టేవాళ్లం. చివరి కిటికీకి కట్టేసరికి మొదటిది ఆరిపోయేది. ఒక ఎండాకాలం సెలవులకు పోయిన పిల్లల్లో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ల ఊరికి పోయి అడిగితే, అందులో ఒకమ్మాయి తల్లి నాకు మజ్జిగ ఇచ్చి, నింపాదిగా చెప్పింది.

"మాది గుడిసెనే గని సల్లగుంటది టీచరమ్మా. సదువుల కోసమని పిల్లను ఉడకవెట్టుకుంటమా?"

మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తిరుగు బస్సెక్కాను.

ఆ మరుసటి ఏడాదే కొత్త భవనం మంజూరైంది. దాన్ని గీయడానికి ఒకాయన వచ్చాడు. నల్లగొండ వైపు మనిషి. బొంబాయిలో భవనాల చదువు చదివి, అక్కడే కొన్నాళ్లు పనిచేసి, మన వైపు పని దొరికితే చాలని తిరిగి వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డసంచీతో ఉండేవాడు. ఇంటి నక్షా గీసే మనిషని పిల్లలు మొదటి రోజే ఆయనకు 'నక్షా సారు' అని పేరు పెట్టేశారు.

గదులెన్ని కావాలి, బీరువాలెన్ని కావాలి అని అడుగుతాడనుకుని నేను సిద్ధంగా కూర్చున్నాను. ఆయన నన్ను వదిలేసి పిల్లల్ని కూర్చోబెట్టుకున్నాడు.

"తలకు పోసుకున్నంక ఎంటికలు యాడ ఆరవెట్టుకుంటరు?"

పిల్లలు ఓణీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మీ బాపు ఊరి నుంచి వస్తే యాడ కూసుంటడు?"

"కూసోడు సార్. గేటు కాడ నిలవడి మాట్లాడి పోతడు."

"ఇల్లు యాదికొస్తే?"

అందరికంటే చిన్నది లేచి, "గా నీళ్ల గాబు ఎనుక సార్. ఆడనే ఏడుస్తం," అంది. మళ్లీ నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మంచిది. ఏడ్వనీకె గూడ ఒక జాగ ఉండాలె," అన్నాడు.

తరువాత చాక్‌పీసు తీసుకుని మా వరండా బండల మీదే గీయడం మొదలుపెట్టాడు. నడుమ ఆకాశం కనబడే వాకిలి, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలాగా నీడనిచ్చే సాయబాను, దాని వెనుక గదులు. చూస్తూ చూస్తూ నాకు ఒళ్లు మండింది. నేను హైదరాబాదులో ట్రైనింగ్ చేసినప్పుడు చూసిన బంగ్లాలు నా కళ్లలో ఉన్నాయి. నా పిల్లలకు అలాంటిది కావాలని నా ఆశ.

"గిదేంది సార్, మల్ల పాత ఇల్లేనా? సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు పెట్టి కట్టరాదా?"

"అద్దాలు సలిదేశపోళ్లకు టీచరమ్మా. వాళ్లకు ఎండ లోపటికి రావాలె. మనకు ఎండ బయటనే ఆగాలె, గాలి లోపటికి రావాలె. మన ఊర్లల్ల పెద్దిండ్లు సూడుండ్రి, నడుమ వాకిలి ఉండి ఎంత సల్లగుంటయో!"

"నాకు తెల్వది సార్," అన్నాను. "నేను ఆ ఇండ్లల్లకు ఎన్నడు పోలే. మా అవ్వ వాళ్ల కల్లంల పని చేస్తే కూలి గింజలు గడప బయటనే కొంగుల పోసేటోళ్లు. లోపట సల్లగుండెనో ఉడుకగుండెనో నాకెట్ల ఎరుక?"

కోపంతో అనలేదు. ఉన్నమాట అన్నాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టి, తాను గీసిన వాకిలి వైపు చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా అడిగాడు.

"మరి మీ ఇంట్ల నీడ యాడుంటది?"

"ఒస్తరా, సూస్తరా?" అన్నాను, రాడులే అనుకుని.

వచ్చాడు. ఆ ఆదివారమే ఇద్దరం బస్సెక్కి, దేవరకద్ర దారిలో దిగి, చేల గట్ల మీద నడిచి మా వాడకు చేరాం. మా అవ్వది మట్టిగోడల ఇల్లు. బోదగడ్డి కప్పు, ముందు సొరతీగ పాకిన పందిరి. వచ్చినవాళ్లంతా ఆ పందిరి కిందే కూర్చునేవాళ్లు, లోపలికి పోయే పని పడేదే కాదు. ఆయన సంచీలోంచి పొడుగాటి టేపు తీసి పందిరి ఎత్తు, చూరు దిగిన తీరు, గోడ మందం కొలవసాగాడు. అవ్వ అంబలి గిన్నె పట్టుకుని నిలబడి కాసేపు చూసింది.

"గింతంత ఇంటికి గంత పొడుగు పట్టీ ఎందుకు కొడుకా? జేనతోటి కొలిస్తే అయిపాయె!"

ఆయన పడీపడీ నవ్వాడు. అంబలి తాగి, ఇంకొంచెం పోయించుకున్నాడు. హాస్టల్ కట్టడానికి వచ్చాడని చెబితే అవ్వ అంది:

"ఇల్లంటే, మనిషి ఒస్తే కూసో అన్నట్టు ఉండాలె కొడుకా. ఎవలు నువ్వు అని అడిగినట్టు ఉండొద్దు."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, దారిలో ఇళ్ల చూరులు చూస్తూ వచ్చాడు. పట్నం దగ్గరపడుతుండగా నా వైపు తిరిగాడు.

"వాకిలి ఉంచుత టీచరమ్మా. గడప తీసేస్త."

ఆ మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

పునాదులు తీస్తున్నప్పుడు, పెద్దపిల్లల్ని ఒకసారి ఆలంపూర్ తీసుకుపోదామన్నాడు. రైలెక్కి ఆలంపూర్ రోడ్డులో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండ్లలో పోయాం. పిల్లల్లో చాలామందికి అదే మొదటి రైలు. తుంగభద్ర ఒడ్డున గుళ్లు ఎండకు ఎర్రగా కాలుతున్నాయి. లోపల అడుగుపెడితే మాత్రం కుండలో నీళ్లంత చల్లన. గోడల్లో రాతిని చిల్లులు చిల్లులుగా చెక్కిన కిటికీలు. వాటిలోంచి వచ్చిన వెలుగు నేల మీద ముగ్గు వేసినట్టు పడింది. పిల్లలు ఆ వెలుగులో అరచేతులు పెట్టి, "సూడు టీచర్, గోరింటాకు!" అని అరిచారు.

"కిటికీకి చెంప ఆనించి సూడుండ్రి," అన్నాడు ఆయన.

ఒక్కొక్కరే ఆనించారు. బయట ఆకు కదలడం లేదు, అయినా ఆ చిన్న చిన్న రంధ్రాల్లోంచి సన్నగా గాలి తగులుతోంది. నేనూ ఆనించాను. కాసేపు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

"మా రూములకు గిసొంటి కిటికీలు వెడ్తరా సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"రాయి చెక్కిపిచ్చనీకె మనకు రాజు లేడు గద. ఇటుకలతోటి చేద్దాం. ఎట్లుండాల్నో మీరే చెప్పుండ్రి."

నది మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. తిరిగి వచ్చాక హాస్టల్‌లో అగ్గిపెట్టెలు మిగలలేదు. ప్రతి గది పిల్లలూ ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేసి, ఇటుకల్లా పేర్చి, తమ కిటికీ తాము తయారుచేశారు. ఒక గదిది మెట్లలాగా, ఒక గదిది చేపపొలుసులాగా. ఒక గదిలో రెండు జట్లుగా చీలి పోట్లాడుకుంటే, కిటికీని నడిమికి విడదీసి సగం సగం ఇచ్చాడాయన. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు గానీ, అన్నీ గీసినట్టే కట్టాడు.

గోడలు మందపాటి రాతివి, సున్నంతో కట్టినవి. పడమటి వైపు ఎండ దెబ్బ ఎక్కువని గదులు పెట్టక వంటిల్లు, సామాన్ల కొట్టు, స్నానాల గదులు అటు జరిపాడు. నీళ్ల గాబు వెనుక ఒక మనిషి ఒంటరిగా కూర్చునేంత చిన్న అరుగు కట్టించాడు. గేటు పక్కన, తండ్రులు వస్తే కూర్చోవడానికి, నీడ ఉన్న పొడుగాటి అరుగు.

అన్నిటికంటే సంబరం కప్పు వేసేటప్పుడు. కప్పు మీద మట్టికుండలు వరసగా బోర్లించి, వాటి మీద సున్నం పోస్తే, కుండల్లోని గాలి ఎండను కిందికి దిగనివ్వదట. అందుకోసం చుట్టుపక్కల కుమ్మరులందరికీ పని చెప్పాడు. ఒక పొద్దున బండ్ల వెనుక బండ్లు, గడ్డి మధ్యన కుండలే కుండలు, బజారు నడుమ నుంచి మా హాస్టల్ జాగాకు బయలుదేరాయి. మన దగ్గర అన్ని కుండలు ఒక్కసారి కదిలాయంటే పెళ్లి ఐరేని కుండలే అనుకుంటారు. కిరాణా కొట్టు ముసలాయన నన్ను ఆపి అడిగాడు.

"ఏంది టీచరమ్మా, పెండ్లి కుదిరిందా? మాకు చెప్పనే చెప్పకపోతివి!"

వెనుక వస్తున్న పిల్లలు, "కుదిరింది తాతా, మా హాస్టల్‌కు!" అని అరిచారు. బజారంతా నవ్వింది. ఆ సాయంత్రం బడి విడిచాక పిల్లలు వరసగా నిలబడి, కుండను చేతి నుంచి చేతికి అందిస్తూ మెట్ల మీదుగా పైకి పంపారు. నేనూ వరసలో నిలబడ్డాను. ఒక కుండ నా చేతిలోనే జారి పగిలింది. కుమ్మరాయన, "శుభం!" అన్నాడు.

భవనం తయారైంది. పిల్లల అమ్మానాన్నలకు, అవ్వతాతలకు కబురుపెట్టి, అందరికీ అక్కడే భోజనం పెట్టాలనుకున్నాం. మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయికి అప్పటికే పెళ్లయిపోయింది. రెండో అమ్మాయి తల్లితో వచ్చింది. తల్లి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, పిల్ల మూట కింద పెట్టింది.

భోజనం వాకిలి చుట్టూ ఉన్న సాయబానులోనే. నాలుగు వైపులా విస్తర్లు వేశాం. కాపుదనపు ఇంటి తాత ఒకాయన, ఎర్ర రుమాలు చుట్టుకుని, చేతికర్రతో వాకిలి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. మళ్లీ తిరిగాడు. ఊళ్లలో బంతి అంటే దానికొక తల, ఒక తోక ఉంటాయి. తల దగ్గర ఎవరు కూర్చోవాలో, తోక దగ్గర ఎవరు కూర్చోవాలో పుట్టిన్నాడే తేలిపోతుంది. ఆయన నా దగ్గరకు వచ్చి అడిగాడు.

"టీచరమ్మా, గీ బంతి యాడ మొదలైతది?"

నాలుగు వైపులా తిరిగి కలిసిపోయే ఈ వరసకు తలా తోకా లేవని అప్పుడు గానీ నాకు తట్టలేదు. నక్షా సారు వైపు చూశాను. ఆయన స్తంభానికి ఆనుకుని ఆకాశం చూస్తున్నాడు.

"మీరు యాడ కూసుంటే ఆడనే మొదలైతది తాతా," అన్నాను.

తాత నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన మనవరాలు ఎదురు వైపున, మా వాడలాంటి వాడ నుంచి వచ్చిన ఒక పిల్ల పక్కన కూర్చుని, మధ్యలో ఒక విస్తరి ఖాళీగా ఉంచింది.

"తాతా, గిటు రా! బువ్వ సల్లారుతాంది!"

ఆయన కదలలేదు. తరువాత మెల్లగా రుమాలు విప్పి భుజాన వేసుకుని, నడిచివెళ్లి ఇద్దరు పిల్లల నడుమ కూర్చున్నాడు. తల వంచుకుని తిన్నాడు. ఆ రోజు అందరూ అలా కూర్చోలేదు. కొందరు పనుందని చెప్పి తినకుండానే వెళ్లారు, వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. ఆ తాత మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి, "గాలి మంచిగొస్తాంది," అని ఒక్క మాట అని గేటు వైపు సాగిపోయాడు. మనసులో ఏముందో ఆయనకే ఎరుక.

ఆ ఎండాకాలం నక్షా సారు మళ్లీ వచ్చాడు, కట్టింది ఎలా ఉందో చూడడానికి. చదువుకోవడానికని పెట్టిన మెట్ల మీద పిల్లలు వడియాలు ఎండబెట్టుకున్నారు. తండ్రుల అరుగులో సగం తాటిముంజలమ్మే ఆమె ఆక్రమించుకుంది. బట్టలకని వేసిన తీగలకు ఉయ్యాల కట్టుకున్నారు. ఏమంటాడోనని నేను వెనక వెనకే నడిచాను. ఆయన ప్రతి దాని దగ్గరా ఆగి, ముఖం విప్పార్చుకుని చూశాడు.

"నేను గీసిందొకటి, మీరు ఉంటాంది ఒకటి. గిదే మంచిగున్నది!"

పన్నెండు దాటింది. బయట రోడ్డు మీద కుక్క కూడా లేదు. ముంజలు తిని, సాయబానులో బండల మీద నడుం వాల్చాడో లేదో నిద్రపోయాడు. పిల్లలు చెప్పులు చేతపట్టుకుని, గజ్జెలు చప్పుడు కాకుండా పట్టీలను పిక్కల మీదికి ఎగదోసుకుని, ఒకరి వెనుక ఒకరు ఆయన పక్కనుంచి దాటిపోయారు. అందరికంటే చిన్నది ఆగి, తన పుస్తకాల సంచీ తీసి ఆయన తల కింద పెట్టబోయింది. నేను వద్దని సైగ చేశాను. అది వినలేదు.