చోల్వే విప్పిన పంపు

ఆ ఏడు జబ్బు వచ్చి మోంజే చుట్టుపక్కల దుక్కిటెద్దులు దాదాపు అన్నీ పోయాయి. వానలు దగ్గరపడ్డాయి. చోల్వే ఇంటి వెనక రేకుల పాకలో ఒక పాత ట్రాక్టరు ఉంది గానీ, భర్త పోయినప్పటి నుంచి అది కదల్లేదు. ఇంజనుకు డీజిల్ అందించే పంపు పాడైంది.

పట్నంలో డీజిల్ పంపులు బాగుచేసే హబాంటు ఫోనులో తేల్చి చెప్పాడు. "అంత దూరం నేను రాలేనమ్మా. పంపు విప్పి పట్టుకురండి, చూస్తాను."

మరిది మైంజా నవ్వాడు. "వదినా, అదేం కుట్టుమిషను కాదు. విప్పడం తేలికే, బిగించాక మొరాయిస్తుంది."

"మొరాయిస్తే అప్పుడు చూద్దాం. ముందు స్పానర్లు పట్రా."

పెళ్లయినప్పటి నుంచి భర్త పక్కన నిలబడి ఆమె చూసిన పనే అది. చేత్తో చెయ్యడం ఇదే మొదలు. పంపు చుట్టూ గడ్డకట్టిన మట్టిని, జిడ్డును డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచింది. ట్యాంకు కుళాయి కట్టేసి, సన్నటి గొట్టాలు విప్పి, నలక పోకుండా వాటి మూతులకు ప్లాస్టిక్ ముక్కలు కట్టింది. పళ్లచక్రం బోల్టు ఒకటి జారి ఇంజను లోపల పడబోతే మైంజా చటుక్కున పట్టుకున్నాడు.

మిగిలిన నట్లూ వదులయ్యాయి. మైంజా పంపును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆగు! కదిపావంటే చంపేస్తా!"

"ఏమైంది వదినా?"

"గుర్తు పెట్టలేదు."

పంపు అంచు ఇంజనుకు ఆనే చోట, రెండింటి మీదుగా మేకుతో ఒకే గీత గీసింది. మళ్లీ బిగించేటప్పుడు ఆ గీత కలవకపోతే డీజిల్ వేళ తప్పి పడుతుంది.

పంపును పసిపిల్లల్ని కట్టుకునే చిటెంగె గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు తొంగి చూశాడు.

"పాపా బాబా అక్కా?"

"తాతయ్యరా నాయనా. ఆసుపత్రికి తీసుకెళుతున్నా."

బస్సంతా నవ్వింది.

లోపల నీళ్లు చేరి తుప్పు పట్టిందని హబాంటు చూపించాడు. శుభ్రం చేసి, పాడైన ముక్కలు మార్చి ఇచ్చాడు.

గీతకు గీత కలిపి బిగించారు. అయినా ట్రాక్టరు మూలిగి ఊరుకుంది.

"నే చెప్పలా?" అన్నాడు మైంజా.

చోల్వే నేల మీద కూలబడింది. ఆ తర్వాత లేచి పంపు మీది చిన్న మరను వదులు చేసి, "ఆ మీట ఆడించు. గాలి పట్టింది," అంది. నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, చివరికి డీజిల్ తేటగా కారింది. గొట్టాల్లో మిగిలిన గాలినీ అలాగే వదిలించి తాళం తిప్పింది. నల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది.

ఆ చప్పుడుకి అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "వాడే వచ్చాడనుకున్నానే," అంది కళ్లొత్తుకుంటూ. చోల్వే దిగి వెళ్లి ఆమెను పట్టుకుంది.

కంచె అవతల పొరుగువాళ్లు అప్పుడే గుమిగూడారు.

"మా చేను కూడా దున్నుతావా తల్లీ?"

"ముందు నన్ను నేర్చుకోనివ్వండి!"

తొలివాన పడ్డ మర్నాడు నాగలి కట్టింది. మొదటి చాలు వంకరగా పోయింది, రెండోది కాస్త నయం. పొరుగువాళ్లు ఆమె చాళ్లలో గింజలు వేస్తూ వెనకే నడిచారు.