నాయన కుస్తీ కాదని జుజుట్సు పట్టిన మా ఓబులమ్మ

నిన్న పొద్దున ఫోన్ మోగింది. ఓబులమ్మ కూతురు.

"పిన్నీ, అమ్మ పోయింది" అంది.

"ఏ అమ్మ?" అని అడిగాను. నా తెలివి అట్లా పోయింది ఆ క్షణాన.

పొద్దున్నే లేచి, కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, కుర్చీలో కూర్చుని అట్లాగే వెళ్ళిపోయిందట.

రాత్రంతా నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి ఆమె డ్రిల్ టీచరమ్మగానే తెలుసు. అంతకుముందు సంగతి నాకు తెలుసు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాల హైస్కూల్లో మాది ఒకే బెంచీ. మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. వాళ్ళది ఆళ్ళగడ్డలో పెద్ద సేద్యం. ఓబులమ్మ నంద్యాలలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది.

వాళ్ళ నాయన పేరున్న పైల్వాను. ఆయన తాలింఖానాలో నాలుగు ఊళ్ళ వాళ్ళు కుస్తీ నేర్చుకునేవాళ్ళు.

మేనమామేమో మిలిటరీ నుంచి వచ్చిన బక్క మనిషి. యుద్ధం రోజుల్లో సింగపూర్‌లో జుజుట్సు నేర్చుకున్నాడు. పట్టు పట్టి ఎదుటివాణ్ణి పడేసే జపాన్ వాళ్ళ విద్య అది.

బస్టాండ్ దగ్గర ఒకడు మా వెంట పడేవాడు. మొదట ఈలలు. తర్వాత ఒకరోజు ఓబులమ్మ ఓణీ పట్టి లాగాడు.

సంగతి ఆళ్ళగడ్డకు చేరింది. మరుసటి రోజే నాయన దిగాడు.

"సదివింది సాలు. మూటా ముల్లె సర్దుకో."

"తప్పు వాడు చేస్తే బడి నేనెందుకు మానాల నాయనా?"

ఆయన తనే మూట కట్టడం మొదలుపెట్టాడు.

మేనమామ అందుకున్నాడు. "బావా, పిల్లకు నేను నాలుగు పట్లు నేర్పిస్తా. బడి మాన్పించొద్దు."

"పట్లు నేర్పాలంటే నేను సచ్చినానా? ఆ అంగీలు గుంజే ఇద్య నా బిడ్డకెందుకప్పా?"

అట్లా మొదలైంది పంచాయితీ. ఆ వేసవి సెలవుల్లో నేనూ ఆళ్ళగడ్డ వెళ్ళాను. వాళ్ళ కళ్ళంలో జొన్న చొప్ప పరిచి, బావా బావమరిదీ తలపడ్డారు. పిల్ల ఏది నేర్చుకోవాలో తేల్చడానికి!

మొదట కుస్తీ. నాయన మేనమామను ఎత్తి వెల్లకిలా వేశాడు. మేనమామకు కాసేపు ఊపిరాడలేదు.

తర్వాత మేనమామ, "బావా, అంగీ తొడుక్కోని రా" అన్నాడు.

"కుస్తీకి అంగీ ఏందప్పా?"

"బస్టాండులో ఎవుడూ గోచీ పెట్టుకోని రాడు బావా. అంగీ తొడుక్కునే వస్తాడు."

ఓబులమ్మ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన అంగీ వేసుకుని వచ్చాడు. మీదికి దూకాడు. మేనమామ ఆయన కాలరు పట్టి, పక్కకు తిరిగి, కాలు అడ్డం పెట్టాడంతే. అంత పెద్ద మనిషి చొప్పలో పడ్డాడు.

ఇద్దరూ లేచి ఓబులమ్మ వైపు చూశారు.

"నాకంటే రెండింతలు ఉండేటోడు మీదికొస్తే కుస్తీలో నేనేం చేయాల నాయనా?"

"బలం పెంచాల. దండీలు, బస్కీలు తీయాల. సంకటి బాగా తినాల."

"ఎన్నాళ్ళు?"

"నాలుగైదేండ్లు."

"అంతలోకి నా సదువే అయిపోతాది కద నాయనా. నేను మామ దగ్గర నేర్చుకుంటా."

నాయన ఒంటికి అంటిన చొప్ప దులుపుకున్నాడు. ఎద్దులకు మేత వేయడానికి వెళ్ళాడు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక నాయన తనతో మాట్లాడడేమో అనుకుంది ఓబులమ్మ. నిజానికి జరిగింది వేరే.

బడి తెరిచాక మేనమామ పెరట్లో ప్రాక్టీస్ మొదలైంది. మా గోడౌన్ నుంచి పత్తి నింపిన గోనె బోరాలు తెచ్చి పరిచాం. జోడీ నేనే. నన్ను పడేసి పడేసి బోరుకొట్టింది దానికి. మామేమో బక్క మనిషి, బరువైన మగవాడి మీద చేసి చూడాలి కదా. ఆడపిల్లతో పట్టుకు ఎవరొస్తారు?

ఒక ఆదివారం నాయన బస్సు దిగి వచ్చాడు. అంగీ గుండీలు పెట్టుకుంటూ బోరాల మీద నిలబడ్డాడు.

"రా. పట్టు."

ఆ తర్వాత వీలైన ప్రతి ఆదివారం వచ్చాడు. పెద్ద పెద్ద పోటీల్లో వీపు నేలకు ఆనించని మనిషి, కూతురి చేతిలో ఎన్నిసార్లు పడ్డాడో! పడి, ఆకాశం చూస్తూ, "ఇంగా బిర్రుగా పట్టాల" అనేవాడు.

ఒక్కటే అడిగాడు. "పట్లు మీ మామవే నేర్చుకో. ఒంటికి మాత్రం నా బస్కీలు మానొద్దు."

మానలేదు. జీవితాంతం.

దసరా ముందు ఆ బస్టాండు వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏకంగా చెయ్యి పట్టుకున్నాడు.

ఓబులమ్మ అరవలేదు. మణికట్టు తిప్పింది, ఒక అడుగు పక్కకు వేసింది. వాడు బస్టాండు బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు.

"వదులు తల్లీ, ఇరుగుతాది" అని ఏడ్చాడు.

"ఇంగొకసారి ఏ పిల్ల జోలికైనా పోతావా?"

"పోను తల్లీ."

వదిలేసింది. చుట్టూ జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఇంటికొచ్చాక మాత్రం గ్లాసు నా చేతికిచ్చి నీళ్ళు తాగించమంది. నేను తాగించాను.

నాయనకు తెలిసి పరుగున వచ్చాడు. కూతురి మణికట్టు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు, వాపు ఉందేమోనని. తర్వాత బావమరిది భుజం మీద చెయ్యి వేసి, "నీ ఇద్య మంచిదే లేప్పా" అన్నాడు. ఆయన ఎవరినీ అట్లా మెచ్చుకోగా నేను చూడలేదు.

బడి మాట మళ్ళీ ఎత్తలేదు.

అట్లా చదివే టీచరయింది. ఆత్మకూరులో, నందికొట్కూరులో వందల మంది ఆడపిల్లల చేత బస్కీలు తీయించింది, మణికట్టు విడిపించుకోవడం నేర్పింది. మంచి మనిషిని కట్టుకుంది. మనవరాళ్ళతో కూడా కుస్తీ పట్టింది. ఏ లోటూ చెప్పుకోలేదు.

ఏడుపు వస్తోంది కానీ, బాధ తక్కువ, తృప్తి ఎక్కువ.

పోయిరావే ఓబులమ్మా. హాయిగా పడుకో. నీ ఆత్మ నెమ్మదిగా ఉండాల.