హక్కు అని రాసిన అర్జీ

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చి కూర్చున్నానో లేదో, నా కొడుకు కూతురు చరిత్ర పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరపులో కొందరు ఆలోచనాపరులు మనుషులంతా పుట్టుకతో సమానులని, హక్కులనేవి రాజుల దయ వల్ల వచ్చేవి కావని రాశారట. ఆ మాటలే సముద్రాలు దాటి వలస దేశాలకు చేరి, చివరికి యూరపు సామ్రాజ్యాలనే లోపలి నుంచి తొలిచేశాయట. అది ఎలా జరిగిందో పది వాక్యాల్లో రాయాలట. "మీ తాత కూడా ఇంగ్లీషోళ్లతో కొట్లాడినాడంట కదా దాదా, అదేందో చెప్పు, రాస్తా" అంది. ఇక్కడ కువైట్‌లోని ఫింటాస్‌లో పుట్టి పెరిగినా దాని నోట్లో మా రాయచోటి యాస ఇంకా పోలేదు.

నా పెట్టె అడుగున తాతగారి అర్జీ నకలు ఉంది. చూపిద్దామని తీశాను, ఒకసారి చదివాను, మళ్లీ మడిచి పెట్టేశాను. ఆ పిల్లకు ఎందుకు చూపించలేకపోయానో నా ఈడు వాళ్లకైతే అర్థమవుతుందనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మాది ఇనాందార్ల ఇల్లు. నవాబుల కాలంలో మా పెద్దలకు మూడు ఊళ్లు ఇనాంగా వచ్చాయి. తాతగారు మద్రాసులో చదువుకుని, బండెడు ఇంగ్లీషు పుస్తకాలతో తిరిగివచ్చిన మనిషి. తెల్లదొరల ప్రభుత్వం ఇనాం పత్రాలను తిరగదోడడం మొదలుపెట్టినప్పుడు, చుట్టుపక్కల ఇనాందార్లందరూ 'తమ దయకు పాత్రుడను' అని అర్జీలు పెట్టుకుని గట్టెక్కారు. తాతగారికి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఈ ఊళ్లు మా హక్కు అని రాశారు, దానితో ఆగకుండా, మనుషులంతా సమానమని మీ దేశాల పండితులే రాశారు కదా, ఆ మాట సముద్రం దాటగానే ఎందుకు మునిగిపోయిందని కలెక్టరు దొరనే అడిగారు. అర్జీ వెళ్లింది, ఏడాది తిరక్కముందే ఊళ్లు పోయాయి. పుస్తకాలు చెదలు తిన్నాయి, మా నాన్న నూనె మిల్లులో పనికి కుదిరారు. అయినా మా ఇంట్లో ఎవరూ ఆ అర్జీ గురించి పశ్చాత్తాపపడగా నేను వినలేదు. దాని నకలును అత్తరు పూసిన గుడ్డలో చుట్టి దాచుకున్నాం. ఊళ్లు పోయాయి గానీ ఒకరి ముందు వంగలేదని చెప్పుకుంటూ పెరిగినవాణ్ని నేను.

నేను కువైట్ వచ్చింది ఆజాద్ వీసా మీద. పేరుకు మన వీసాకు పూచీపడే కువైటీ, కఫీల్ అనేవాడు, ఒకడుంటాడు, పని మనమే వెతుక్కోవాలి, ఆజాదీ అన్నది ఆ వీసాకు పేరులోనే ఉంది. మిర్కాబ్‌లో ఒక టైపింగ్ కొట్టులో కుదిరాను. ఇఖామా అనే నివాస అనుమతి కాగితాలు, సెలవు అర్జీలు నేను ఇంగ్లీషులో కొడితే, పక్క బల్ల మీద ఈజిప్టు ముసలాయన అరబ్బీలో కొట్టేవాడు. ఎవరొచ్చినా నేను కుర్చీలోంచి లేచేవాణ్ని కాను, ఎవరినీ సార్ అనేవాణ్ని కాను. కొట్లో అందరూ నన్ను నవాబ్ సాబ్ అనేవాళ్లు. అది ఎగతాళి అని తెలిసినా నేను మర్యాదగానే తీసుకునేవాణ్ని.

మా మేనత్త కొడుకు ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఒక మధ్యాహ్నం, ఆ ఇంట్లోనే వంట చేసే ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. అమలాపురం వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఆ ఇంట్లో చేరి ఎనిమిదేళ్లయింది. ఊళ్లో తల్లి మంచాన పడిందని, ఎక్కువ రోజులు బతకదని ఫోను వచ్చిందట. ఇంటావిడ పంపడానికి ఒప్పుకుంది, ఇంటాయన కూడా కాదనే మనిషి కాడు, ఆయన చూసి సంతకం పెట్టడానికి ఒక కాగితం కావాలంతే.

"పెద్ద సంగతేం లేదండి బాబుగారూ. మా అమ్మకి బాగోలేదు, దయుంచి ఒక్క నెల పంపండి, మళ్లీ వచ్చేత్తానని రాయండి, చాలు" అంది.

దయ అనే మాట నా చేత్తో కొట్టనన్నాను. ఎనిమిదేళ్లు చాకిరీ చేసిన మనిషికి సెలవు హక్కు అవుతుంది గానీ దయ ఎలా అవుతుందని, తాతగారి పుస్తకాల్లోని మాటలన్నీ ఆమె ముందు కుమ్మరించాను.

"హక్కులూ గిక్కులూ నాకెందుకండీ, అమ్మ మొకం చూత్తే చాలు. మామా నన్ను బానే చూత్తారండి" అంది భయంగా. పనివాళ్లకు ఇంటావిడ మామా, ఇంటాయన బాబా.

"నీ నవాబుగిరీ పక్కన పెట్టు సామీ, ఆయమ్మ ఏం జెప్తే అది కొట్టు, ఖలాస్" అన్నాడు మా మేనత్త కొడుకు.

నేను వినలేదు. ఈ సెలవు నా హక్కు అని రాసి, అరబ్బీలో కొట్టమని పక్క బల్లకు ఇచ్చాను. మనం హక్కు అనే మాట అరబ్బుల నుంచి వచ్చిందే కాబట్టి దాన్ని ఎవరూ తర్జుమా చేయనక్కర్లేదు, చదివేవాడికి సూటిగా తగులుతుంది. ఈజిప్టు ముసలాయన ఆ మాట దగ్గర వేలు ఆపి, ఈ ఒక్కటీ మార్చమని నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుని వెళ్లింది. ఆ రోజు నేను తాతగారి మనవణ్ని అనిపించుకున్నానని, రాత్రి భోజనం కూడా తృప్తిగా చేశాను.

మూడో రోజు మా మేనత్త కొడుకు ఒక్కడే వచ్చాడు. "బాబా రెండు మార్లు సదివినాడన్నా. ఎనిమిదేండ్లు ఇంటి మనిషి లెక్క చూసుకుంటే, ఇప్పుడు నా మింద హక్కు అంటాదా అన్నాడు. సరే, హక్కు ప్రకారమే పోనీ అన్నాడు. కాంట్రాక్టు తీరాలంటే ఇంకా నాలుగు నెల్లుండాది." ఇంటావిడ ఎంత చెప్పినా ఆయన వినలేదట. దయ అని పెట్టి ఇంకొకటి రాయమని వాడు నన్ను బతిమాలాడు.

అప్పుడైనా వెంటనే రాసి ఉండాల్సింది. మూడు రోజులు రాయలేదు. మిషన్ ముందు కూర్చున్నప్పుడల్లా అత్తరు గుడ్డ గుర్తొచ్చి చేతులు వెనక్కి వచ్చేవి. నాలుగో రోజు రాశాను, దయ అనే రాశాను. అది ఇంటాయన చేతికి చేరేసరికి అమలాపురం నుంచి ఫోను వచ్చేసింది.

తర్వాత ఆమె ఒకసారి కొట్టుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడేవాణ్ని. బల్ల ముందు నిలబడి, "మీరు రాసిందాంట్లో తప్పేం లేదండి బాబుగారూ. నా మాట రాయలేదు, అంతేనండి" అంది. గడువు పూర్తి చేసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదని విన్నాను. వచ్చిన రెండుసార్లూ ఆమె నిలబడే మాట్లాడింది. బల్ల పక్కన ఒక కుర్చీ ఉండేది, దాని మీద నా కోటు ఉండేది.

మొన్న అర్జీ విప్పినప్పుడు మొదటిసారి ఒక సంగతి కనిపించింది. అందులో మా హక్కు ఉంది, దొరలకు ప్రశ్న ఉంది, యూరపు పండితులున్నారు. ఆ మూడు ఊళ్లలో దున్నుకు బతికినవాళ్లు ఏం కోరుకున్నారో ఒక్క ముక్క లేదు. వాళ్లు తలగుడ్డలు చేత పట్టుకుని మా వాకిట్లో నిలబడి ఉండగానే తాతగారు సమానత్వం గురించి రాసి ఉంటారు, ఊళ్లు పోయినా అలవాటు పోక నా చిన్నతనంలో కూడా వాళ్లు అలాగే నిలబడేవాళ్లు. ఆయన రాసింది తప్పని నేను ఈనాటికీ అనను. కానీ సముద్రం దాటగానే ఆ మాట ఎందుకు మునిగిపోయిందని దొరను అడిగిన మనిషికి, అది మా గడప కూడా దాటలేదని తోచలేదు. నాకు తోచడానికి ఇన్నేళ్లు పట్టింది.

తాతగారి గురించి ఏమీ రాయొద్దని మనవరాలికి చెప్పాను. అది మూతి ముడుచుకుని, పుస్తకంలో ఉన్నదే పది వాక్యాలు రాసుకుంది.

ఇప్పుడు మిర్కాబ్‌లో మా కొట్టు ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. సెలవు కావాలన్నా, ఇఖామా మార్చుకోవాలన్నా ఫోనులోనే గడులు నింపాలి. కారణాల పట్టీలో ఒకదాన్ని వేలితో నొక్కితే చాలు, దయ అని రాసే చోటూ లేదు, హక్కు అని రాసే చోటూ లేదు. ఎవరి పొగరూ ఎవరి సెలవుకూ అడ్డం రాదు, అది మంచిదే. కానీ రాయడం రాని మనిషి ఎదురుగా నిలబడి తన నోటితో చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి ఎక్కించే చోటు ఈ ఊళ్లో ఇక లేదు. ఉన్న రోజుల్లో, ఆ బల్ల ముందు కూర్చుని, నేనూ ఎక్కించలేదు.