మూడుసార్లు తెరుచుకునే నోరు

డబ్బింగ్ స్టూడియోలో అందరూ ఆవిడను మాటలమ్మ అంటారు. అనిమే అనే జపాన్ బొమ్మల సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం ఆవిడ పని. బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలే పడాలి. ఒకటి ఎక్కువైనా, తక్కువైనా ఆవిడకు నిద్ర పట్టదు. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. అదీ ఎక్కువగా ఆ బొమ్మల ప్రేమల మీద.

"పక్కపక్కనే కూర్చుంటారు, ఒకే గొడుగులో నడుస్తారు, ఏళ్లు గడిచినా నీళ్లు నములుతూనే ఉంటారు. ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారా అండీ?" అని రికార్డింగ్ చూసే సౌండాయన మీద విరుచుకుపడేది, ఆ కథలేవో ఆయనే రాసినట్టు.

సౌండాయన అద్దం అవతల మీటలు సవరించుకుంటూ, ఉంటారేమోనండీ అని గొణిగేవాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. రోజూ మధ్యాహ్నం మాత్రం మైకు బటన్ నొక్కి "తిన్నారా?" అని అడిగేవాడు. ఆవిడ తిన్నానని అబద్ధమాడి, కాసేపటికి వెళ్లి ఆయన క్యారేజీ సగం ఖాళీ చేసేది. ఆయన రెండు చెంచాలు తేవడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఆవిడ గమనించనే లేదు. లోకంలోని ప్రేమలన్నింటికీ వంకలు పెట్టే మనిషి మరి!

ఇంతలో సౌండాయనకు వేరే ఊళ్లో పెద్ద స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. మంచిదే కదా అంది మాటలమ్మ. అని, ఆ వారమంతా కనిపించినవాళ్లందరినీ కసిరింది. స్క్రిప్టు బాగాలేకనే చిరాగ్గా ఉందని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆయన లేని ఆ గదిలోకి అడుగు పెట్టబుద్ధి కాదని లోపల తెలుస్తూనే ఉంది, నోటిదాకా రావడమే లేదు.

ఆయన ఆఖరి రోజున, హీరో మనసులో మాట చెప్పే సీను వచ్చింది. వాడి నోరు మూడుసార్లే తెరుచుకుంటుంది. "ప్రేమిస్తున్నాను" పెడితే నోరు మూసుకున్నాక కూడా మాట వినిపిస్తోంది. "ఇష్టం" పెడితే మాట అయిపోయాక నోరు ఊరికే తెరుచుకుంటోంది. మాటలమ్మ మైకు ముందు నిలబడి తల పట్టుకుంది. భోజనాల వేళ దాటిపోయింది. సీను మళ్లీ తిరుగుతుండగా సౌండాయన అలవాటుగా బటన్ నొక్కాడు.

"తిన్నారా?"

తెర మీద హీరో నోటికి ఆ మాట అతికినట్టు సరిపోయింది. ఇద్దరూ చూశారు. మాటలమ్మ గొంతు సవరించుకుంది.

"సరిపోయింది గానీ, హీరోయిన్‌ని 'మీరు' అంటే ఎవరు నమ్ముతారండీ?"

సౌండాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. సీను వెనక్కి తిప్పి మళ్లీ నొక్కాడు.

"తిన్నావా?"

అదీ మూడక్షరాలే.

"లేదు," అంది మాటలమ్మ, ఇన్నాళ్లకు నిజం చెబుతూ. "నువ్వు వెళ్లిపోతే తినను కూడా."

తెర మీద హీరోయిన్ నోరు కదలనే లేదు. ఆవిడ పట్టించుకోలేదు.

ఆయన వెళ్లలేదు. సీరియల్ వచ్చాక ప్రేక్షకుడెవరో, ప్రేమ చెప్పమంటే తిన్నావా అంటాడేమిటి, ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారా అని రాశాడు. మాటలమ్మ ఒంటికాలి మీద లేచింది. సౌండాయన క్యారేజీ విప్పి, రెండో చెంచా ఆవిడ చేతిలో పెట్టాడు.