నాగరత్నమ్మ పెట్టని సంతకం

మార్కాపురంలో ఎందరో విద్యార్థులకు కంప్యూటర్ విద్య నేర్పిన నాగరత్నమ్మ గారు గత వారం హఠాత్తుగా పరమపదించారు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను కొట్లో కందిపప్పు బేరంలో ఉన్నాను. దిగ్భ్రాంతిలో ఏ ధర చెప్పానో తెలియదు. కొనే ఆయన మారుమాట లేకుండా మూట ఎత్తుకుపోయాడంటే, జీవితంలో మొదటిసారి న్యాయమైన ధరే చెప్పి ఉంటాను. ఆ విదుషీమణి ఇక లేరంటే మనసు ఒప్పుకోవడం లేదు. అయితే నాలో దుఃఖం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. అదెందుకో చెప్పకుండా ఆమెను స్మరించే అర్హత నాకు లేదు.

ఆమెది కురిచేడు దగ్గర సేద్యపు కుటుంబం. మేధ ఎంత పదునో నోరూ అంత పదును. "మేడం, ప్రోగ్రాం పనిచేస్తోంది" అని సంబరపడే విద్యార్థిని "ఎందుకు పనిచేస్తాందో చెప్పు. చెప్పలేకుంటే చేయనట్టే" అని కూర్చోబెట్టేవారు. ఏ సభకూ వేళకు వచ్చింది లేదు. మిక్చర్ పెడితే ప్లేటు ఖాళీ చేసి, ఉప్పెక్కువైందని తిట్టేవారు. పెద్దవాణ్ణని నన్ను అన్నా అనేవారు, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆ వరస నా బేరాలకు ఎన్నడూ పనికిరాలేదు.

చిల్లర దుకాణదారులు పొదుపు దాచుకునే పరపతి సంఘానికి నేను కార్యదర్శిని. లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోనే. బయటి దొంగలు వాటిలోకి చొరబడగలరేమో పరీక్షించమని గత నెల ఆమెను ఆహ్వానించాం. ఆమె లాప్‌టాప్‌లో అందుకొక సాఫ్ట్‌వేర్ ఉంది. అది నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరు దగ్గరికీ పోయి, దొంగలాగే తలుపులు తట్టి, తెరిచి ఉన్నవేవో చెబుతుంది. ఒక్క తలుపూ తెరిచి లేదని రిపోర్టు వచ్చింది. మా అధ్యక్షుడు మిఠాయి తెప్పించారు. నాగరత్నమ్మ గారు మిఠాయి తిన్నారు గానీ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు.

"ఇంత శుభ్రంగా ఉండే మొగమా అన్నా మీది?" అన్నారు.

"మిషనే చెప్తావుంటే నీకేంది తల్లీ అనుమానం?"

"మీ నాయన సరుకు తూచే ముందు ఏం చేసేటోడు?"

"ఖాళీ తక్కెడ ఎత్తి చూపించేటోడు."

"నేనూ అదే చూస్తా. ఉండు."

ఒక కంప్యూటరులో ఆమె కావాలనే ఒక తలుపు తెరిచి, మళ్లీ పరీక్ష నడిపారు. అప్పుడూ అన్నీ మూసే ఉన్నాయన్నది రిపోర్టు! తాను తెరిచిన తలుపునే చూడలేని పరికరంతో ఆ మధ్యాహ్నమంతా కుస్తీ పట్టారు. కేబుల్ మార్చారు, సెట్టింగులు తిరగేశారు, నన్నూ నా వంశాన్నీ తిట్టారు. చివరికి లోపం దొరికింది. ఆ సాఫ్ట్‌వేర్ ముందుగా ఒక్కో కంప్యూటరును పలకరిస్తుంది. బదులొస్తేనే తలుపుల జోలికి పోతుంది. మా కంప్యూటర్లు కొత్తవారికి బదులివ్వకుండా అమర్చి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరనుకుని అది ఒక్క తలుపూ తట్టకుండానే తిరిగొచ్చేది. చూడని ఇళ్లను మేము భద్రమైన ఇళ్లని చదువుకున్నాం. పలకరింపు మాని నేరుగా తట్టమని ఆమె దానికి చెప్పగానే, తాను తెరిచినదీ దొరికింది, మేము ఎన్నడో తెరిచి మరిచిన తొమ్మిదీ దొరికాయి. అందులో ఒకటి సభ్యుల ఖాతాలున్న చోటికే దారి.

అక్కడ నా దుకాణపు బుద్ధి లేచింది. "చెల్లెమ్మా, తొమ్మిదంటే సంఘం సభలో పరువు పోతాది. నాలుగు రాయి."

"ఇదేమన్నా వంకాయల బేరమా?"

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఆరు."

ఆమె పగలబడి నవ్వారు. "దొంగతో కూడా ఇట్లే బేరమాడు అన్నా. ఆరింట్లోనే దూరమను."

నేనూ నవ్వాను. నవ్వుతూనే, పోనీ మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టమన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "అన్నీ మూసినాక పిలువు. మళ్లా చూసి పెడతా. అంతదాకా నా పేరు ఎత్తొద్దు" అని లాప్‌టాప్ సర్దుకున్నారు. మేము పిలవలేదు. రేపు మాపు అంటుండగానే ఆమె వెళ్లిపోయారు.

సంతాపసభలో వేదిక వెనుక ఫ్లెక్సీ కట్టాం. "మన సంఘం కంప్యూటర్లు భద్రమని పరీక్షించి ధ్రువీకరించిన మహనీయురాలు." ఆ వాక్యం రాసిచ్చింది నేనే. సభ ముగిశాక ఆమె భర్త శేషయ్య నన్ను పక్కకు పిలిచారు.

"బావా, ఆ మాట ఆమె అన్నాదా? ఇంట్లో మాత్రం, ఆ కాగితం మీద నా పేరు పడనియ్యను అన్నాది."

"ముందు కాఫీ తాగు బావా" అన్నాను. ఆయన తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు ఫ్లెక్సీ దించాను, ఖాతాల కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ పీకించాను. మిగిలిన పని తెలిసినవారి కోసం వెతుకుతున్నాం. వచ్చినవారు రిపోర్టు ఎట్లా కావాలని ముందే మమ్మల్ని అడుగుతున్నారు. నాగరత్నమ్మ గారి మరణం తీరని లోటు అని సభలో అందరం అన్నాం. ఆ లోటు ఎంతటిదో నాకు ఆ ప్రశ్న విన్నాక తెలిసింది. సత్యనిష్ఠ గల ఆ విద్వన్మూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

శేషయ్య బావా, మీరు అడిగినదానికి నలుగురూ చదివేచోట బదులిస్తున్నాను. ఆ మాట చెల్లెమ్మ అనలేదు. తలుపులు తెరిచి ఉన్నాయనే ఆమె చెప్పారు. ఆ కాగితం మీద ఆమె పేరు లేదు.